టెక్సాస్ టీచరమ్మకు కాలిఫోర్నియా కాగితాలు

డాలస్ శివార్లలో ఒక మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతున్న టీచర్ రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్ద ఉత్తరం. పేర్లు, ఆనవాళ్ళు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆవిడకు 39 ఏళ్ళు. సొంతూరు గుంటూరు వైపు. బీఎస్సీ లెక్కలు, ఆపైన బీఎడ్. పెళ్ళికి ముందు అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్ళు పనిచేశారు. అమెరికా వచ్చాక హెచ్‌4 (హెచ్‌1 ఉద్యోగి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద చాలాకాలం ఇంట్లోనే ఉన్నారు. ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) వచ్చిన తర్వాత టెక్సాస్‌లో వేరే డిగ్రీ ఉన్నవాళ్ళను టీచర్లుగా తయారుచేసే ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్‌లో చేరి, పరీక్షలు రాసి, 4 నుంచి 8 తరగతుల లెక్కలకు స్టాండర్డ్ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు. ఈ మే నెలతో నాలుగేళ్ళ సర్వీసు పూర్తయింది. జీతం ఏడాదికి 60 వేల డాలర్లకు అటూ ఇటూ. ఏప్రిల్లో వచ్చే విద్యాసంవత్సరానికి కాంట్రాక్టు మీద సంతకం పెట్టారు. పెట్టిన పది రోజులకే వాళ్ళాయనకు బే ఏరియాలో మంచి ఉద్యోగం వచ్చింది. ఆగస్టు మొదట్లో చేరాలి. పాప ఎనిమిదో తరగతిలోకి వస్తోంది.

"డ్రైవింగ్ లైసెన్సు మార్చుకున్నట్టు ఇదీ మార్చుకోవచ్చనుకున్నాను" అని రాశారావిడ. తీరా చూస్తే డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టులు మళ్ళీ కావాలట, ఆ డిగ్రీ ఇక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే ఇవాల్యుయేషన్ మళ్ళీ కావాలట, వేలిముద్రలు మళ్ళీ ఇవ్వాలట. 72 ఏళ్ళ నాన్నగారు యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచి చుట్టూ తిరిగి, సీలు వేసిన కవరు కొరియర్లో పంపిస్తే, వాళ్ళాయన స్పెల్లింగ్ సరిగ్గా ఉందో లేదో చూద్దామని దాన్ని చింపారు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. అది చాలదన్నట్టు టెన్త్ మెమోలో, డిగ్రీలో, పాస్‌పోర్టులో పేరు మూడు రకాలుగా ఉంది. ఒక స్నేహితురాలేమో "రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది, ఆటోమేటిక్‌గా ఇచ్చేస్తారు" అంటోంది. ఇంకో స్నేహితురాలు "ఈ టీచరు గోల మానేసి క్యూఏ (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్) నేర్చుకో" అంటోంది. వాళ్ళాయన "ఆ జీతానికి ఇన్ని తిప్పలెందుకు, కొన్నాళ్ళు హాయిగా ఇంట్లో ఉండు" అన్నారు. అత్తగారు ఫోన్లో అదే మాట.

ఉత్తరం చివర ఇలా ఉంది: "ఇంకొక్క ఏడాది ఇక్కడే పాపతో ఉండిపోతే పెన్షన్‌కు ఐదేళ్ళు నిండుతాయి. ఉండనా? వెళ్ళిపోయి అక్కడ మొదటి నుంచి మొదలుపెట్టనా? అసలు మానేయనా? నేను ఉద్యోగం పోతోందని ఏడుస్తున్నానో, ఈ కాగితాల విసుగుతో ఏడుస్తున్నానో నాకే తెలియడంలేదండీ. గుంటూరులో చేసిన మూడేళ్ళు ఎక్కడైనా పనికొస్తాయా?"

అమ్మా, ముందుగా ఒక తేదీ గురించి చెబుతాను. మిగతావన్నీ కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగదు.

మీరు సంతకం పెట్టిన కాంట్రాక్టు టెక్సాస్ విద్యాచట్టం కిందిదైతే, బడిలో పాఠాలు మొదలయ్యే రోజుకు 45 రోజుల ముందు వరకు ఏ జరిమానా లేకుండా రాజీనామా చేయవచ్చు. ఆగస్టు రెండో వారంలో బడి తెరిస్తే ఆ గడువు జూన్ నెలాఖరుకు ముగుస్తుంది. అది దాటాక స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ బడిని నడిపే స్థానిక సంస్థ) ఒప్పుకోకుండా వెళ్ళిపోతే వాళ్ళు రాష్ట్ర సర్టిఫికేషన్ బోర్డుకు ఫిర్యాదు చేయవచ్చు. కాంట్రాక్టు మధ్యలో వదిలేసినందుకు మీ సర్టిఫికెట్‌ను కొంతకాలం సస్పెండ్ చేసే అధికారం బోర్డుకు ఉంది. అలాంటి మచ్చ టెక్సాస్‌లోనే ఉండిపోదు. టీచర్ల మీద తీసుకున్న చర్యలను రాష్ట్రాలు ఒకదానికొకటి తెలుపుకోవడానికి నాస్‌డ్‌టెక్ అనే సంస్థ దగ్గర ఉమ్మడి రికార్డు ఉంటుంది. కాలిఫోర్నియా దరఖాస్తులో కూడా "మీ లైసెన్సు మీద ఎప్పుడైనా చర్య తీసుకున్నారా" అనే ప్రశ్నలు వరసగా ఉంటాయి. ట్రాన్‌స్క్రిప్టు పోతే ఇంకోటి తెప్పించుకోవచ్చు. ఈ ప్రశ్నకు "అవును" అని రాయాల్సి వస్తే మాత్రం సంజాయిషీలు ఇచ్చుకుంటూ కూర్చోవాలి.

ఇందులో మీకు కలిసొచ్చేది ఒకటుంది. భర్త ఉద్యోగం మారడం వల్ల వేరే ఊరు వెళ్ళాల్సి రావడాన్ని టెక్సాస్ బోర్డు నియమాలే సరైన కారణంగా గుర్తిస్తాయి. గడువు దాటినా దారి మూసుకుపోదన్నమాట. అయినా ఆ కారణాన్ని ఆసరాగా దాచుకోండి తప్ప దాని మీదే ఆధారపడకండి. వెళ్ళాలని తేలితే గడువు లోపల రాతపూర్వకంగా రాజీనామా ఇచ్చి, అందినట్టు జవాబు తీసుకోండి. ప్రిన్సిపాల్‌తో కారిడార్లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఇక లైసెన్సు సంగతి. మీ విసుగులో సగం "ట్రాన్స్‌ఫర్" అన్న మాట వల్ల వచ్చిందని నాకనిపిస్తోంది. అమెరికాలో టీచరు లైసెన్సు దేశానిది కాదు, రాష్ట్రానిది. ఒక రాష్ట్రం ఇచ్చింది ఇంకో రాష్ట్రానికి బదిలీ అవదు. మీరు కాలిఫోర్నియాలో కొత్తగా దరఖాస్తు చేస్తారు, టెక్సాస్ సర్టిఫికెట్ అందులో జతపరిచే కాగితాల్లో ఒకటి. ముఖ్యమైనదే, కాని ఒకటే. డీఎస్సీల్లో లోకల్, నాన్‌లోకల్ గొడవలు చూసిన మనకు ఇది మరీ వింత అనిపించకూడదు.

మీ స్నేహితురాలు చెప్పిన ఒప్పందం అబద్ధం కాదు. నాస్‌డ్‌టెక్ అంతర్రాష్ట్ర ఒప్పందం ఉంది. కాని దాని అర్థం "బయటి రాష్ట్రంలో శిక్షణ పొందినవాళ్ళ దరఖాస్తు మేం చూస్తాం, మా షరతులు మాకుంటాయి" అన్నంతవరకే. నిజంగా లైసెన్సుకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఇంటర్‌స్టేట్ టీచర్ మొబిలిటీ కాంపాక్ట్ అంటారు. 2023లో పది రాష్ట్రాలు చట్టం చేయడంతో అది పుట్టింది. కొలరాడో, ఫ్లోరిడా, ఒరెగాన్ వంటివి అందులో ఉన్నాయి. వదిలి వచ్చే రాష్ట్రం, వెళ్ళే రాష్ట్రం రెండూ సభ్యులైతేనే అది పనిచేస్తుంది. కాలిఫోర్నియా అందులో లేదు కాబట్టి మీకు ఆ ఊసు అనవసరం.

కాలిఫోర్నియాలో ఈ పని చూసేది కమిషన్ ఆన్ టీచర్ క్రెడెన్షియలింగ్. అందరూ సీటీసీ అంటారు. టీచరు లైసెన్సును వాళ్ళు క్రెడెన్షియల్ అంటారు. వాళ్ళ దగ్గర ప్రైమరీ బడులకు మల్టిపుల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్, మిడిల్, హైస్కూళ్ళకు సింగిల్ సబ్జెక్ట్ క్రెడెన్షియల్ ఉంటాయి. మీ "4 నుంచి 8" గీత వాళ్ళకు లేదు. లెక్కల్లో మళ్ళీ రెండు రకాలు: ఒకటి ఫౌండేషనల్ లెవల్, రెండోది పూర్తి మ్యాథమెటిక్స్. ఫౌండేషనల్ ఉంటే ఆల్జీబ్రా, జామెట్రీ, స్టాటిస్టిక్స్ దాకా చెప్పవచ్చు, క్యాలిక్యులస్ చెప్పకూడదు. మిడిల్ స్కూలుకు అది చాలు. మీ టెక్సాస్ సర్టిఫికెట్, బీఎస్సీలో చదివిన లెక్కల పేపర్లు కలిపి చూసి దేనికి తగినవారో వాళ్ళు తేలుస్తారు. అందుకే మీ డిగ్రీకి కోర్సులవారీ ఇవాల్యుయేషన్ కావాలి. "బ్యాచిలర్స్‌కు సమానం" అని ఒక్క ముక్క రాసి ఇచ్చేది చాలదు.

ఈ ఇవాల్యుయేషన్ దగ్గరే డబ్బులు వృథా అవుతాయి. విదేశీ డిగ్రీలను చూసే ఏజెన్సీల జాబితా సీటీసీకి సొంతంగా ఉంది. టెక్సాస్ ఒప్పుకున్న ఏజెన్సీ ఈ జాబితాలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కొత్తగా ఎవరికీ డబ్బు కట్టకముందు ఆ జాబితా తెరిచి, నాలుగేళ్ళ కింద మీకు చేసిపెట్టిన ఏజెన్సీ పేరు వెతకండి. ఉంటే పాత ఫైలు నుంచే ఇంకో అధికారిక కాపీ పంపమనండి, ఖర్చు చాలా తక్కువ. లేకపోతేనే కొత్తది. మన మూడేళ్ళ డిగ్రీని కొన్ని ఏజెన్సీలు మూడేళ్ళ చదువుగానే లెక్కగడతాయి. కాబట్టి బీఎస్సీ ఒక్కటే పంపకండి, బీఎడ్ మార్కుల మెమోలు కూడా కలిపి పంపండి.

మీ వారు చింపిన కవరు గురించి. ఆ గొడవ మళ్ళీ ఎత్తకండి, పాపం ఆయన మంచికే చేశారు. సీలు తెగిన ఆ కవరు ఏజెన్సీకి పనికిరాదు గాని, లోపలి కాగితాలు చిత్తు కాదు. వాటిని స్కాన్ చేసి పెట్టుకోండి. ఏజెన్సీకి అడ్వాన్స్‌గా చూపించి, ఏ పేపర్లు చాలతాయో, ఏవి చాలవో అడగడానికి పనికొస్తాయి. రెండోసారి తెప్పించేటప్పుడు మాత్రం కవరు మీ ఇంటికి రానివ్వకండి. ఏజెన్సీ ఇచ్చే రిఫరెన్స్ నంబరు కవరు మీద రాయించి, యూనివర్సిటీ నుంచి సూటిగా వాళ్ళ చిరునామాకే పంపించమనండి. ఆన్‌లైన్లో పంపే ఏర్పాటు ఉందేమో ముందు కనుక్కోండి, నాన్నగారిని ఎండలో మళ్ళీ తిప్పకుండా. అది లేదంటే ఆయన పేరున ఒక ఆథరైజేషన్ లెటర్, మీ పాస్‌పోర్టు కాపీ, హాల్‌టికెట్ నంబర్లు, పాసైన నెల, సంవత్సరం ఒక కాగితం మీద రాసి పంపండి. ఎగ్జామినేషన్ బ్రాంచిలో గుమాస్తా మొదట అడిగేది ఆ హాల్‌టికెట్ నంబరే.

పేరు సంగతి ఇంతకంటే ముఖ్యం. మీ అసలు పేరు రాయను, ఉదాహరణ చెబుతాను. టెన్త్ మెమోలో "కె. లక్ష్మీ ప్రసన్న". డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా, లక్ష్మీప్రసన్న కలిపి ఒకే ముక్కగా. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర భర్త ఇంటిపేరు, గివెన్ నేమ్ దగ్గర "లక్ష్మీ ప్రసన్న" రెండు ముక్కలు. దాంతో టెక్సాస్ రికార్డులో "లక్ష్మీ" ఫస్ట్ నేమ్, "ప్రసన్న" మిడిల్ నేమ్ అయిపోతాయి. మనకు ఇది ఒకే మనిషి అని చూడగానే తెలుస్తుంది. శాక్రమెంటోలోని సీటీసీ ఆఫీసులో ఫైలు చూసే మనిషికి ఇవి ముగ్గురు ఆడవాళ్ళ కాగితాలు. దీనికి మందు మూడు ముక్కల్లో ఉంది: మ్యారేజ్ సర్టిఫికెట్ కాపీ, ఈ పేర్లన్నీ నావే అని నోటరీ ముందు సంతకం పెట్టిన అఫిడవిట్, దరఖాస్తులో "గతంలో వాడిన పేర్లు" అన్న చోట ప్రతి రూపాన్నీ అక్షరం పొల్లుపోకుండా నింపడం. మూడోదాన్ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. దరఖాస్తులో పెట్టే ప్రధాన పేరు మీ సోషల్ సెక్యూరిటీ కార్డు మీద, ఈఏడీ మీద ఉన్నదే కావాలి. డిగ్రీ మీది కాదు.

వేలిముద్రలు మళ్ళీ ఎందుకని అడిగారు. టెక్సాస్‌లో ఇచ్చినప్పుడు వచ్చిన రిపోర్టు టెక్సాస్ అడిగింది కాబట్టి టెక్సాస్‌కే వెళ్ళింది. కాలిఫోర్నియాలో వేలిముద్రలను కంప్యూటర్ మీద తీసుకునే లైవ్ స్కాన్ అనే పద్ధతి ఉంది. ఆ రాష్ట్రంలో అడుగుపెట్టాక ఏదైనా లైవ్ స్కాన్ సెంటర్లో ఇవ్వడం తేలిక. రేపు ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ ఉద్యోగమిస్తే వాళ్ళ కోసం ఇంకోసారి ఇవ్వాలి. అప్పుడూ "మళ్ళీనా" అని చిరాకు పడకండి, ఒకరి రిపోర్టు ఇంకొకరికి ఇవ్వరు, అంతే.

సీటీసీ బయటి రాష్ట్రాలవాళ్ళకు ఎక్కువగా ఇచ్చేది ఐదేళ్ళ ప్రిలిమినరీ క్రెడెన్షియల్. దాన్ని క్లియర్ (పూర్తిస్థాయి) క్రెడెన్షియల్‌గా మార్చుకోవడానికి కొత్త టీచర్లు రెండేళ్ళ ఇండక్షన్ (ఉద్యోగంలో ఉంటూ చేసే శిక్షణ) చేయాలి. మీలాగా రెండేళ్ళకు మించి పూర్తికాలం పనిచేసి, పనితీరు బాగుందని రాతలో ఉన్నవాళ్ళకు దాన్ని తప్పించుకునే దారి ఉంది. ఆ రాత మీ దగ్గర ఉందా? టెక్సాస్‌లో టీచరు పనితీరును అంచనా వేసే టీ-టెస్ రిపోర్టుల సంగతి చెబుతున్నాను. అవి ఇప్పుడు బడి వాళ్ళ సాఫ్ట్‌వేర్లో ఉంటాయి. రాజీనామా ఆమోదమయ్యాక మీ లాగిన్ పోవచ్చు. ఈ వారంలోనే నాలుగేళ్ళవీ పీడీఎఫ్‌లుగా దించుకోండి, ప్రిన్సిపాల్ సంతకం ఉన్నవి. వాటితోపాటు ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ గంటల సర్టిఫికెట్లు, హెచ్‌ఆర్ ఇచ్చే సర్వీస్ రికార్డు, ఆల్టర్నేటివ్ ప్రోగ్రామ్ పూర్తిచేసినట్టు ఆ సంస్థ లెటర్‌హెడ్ మీద ఇచ్చే ఉత్తరం కూడా. ఈ చివరిది మరీ ముఖ్యం. ఇక్కడి యూనివర్సిటీలో టీచరు శిక్షణ పొందినవాళ్ళను చూసినంత సులువుగా ఆల్టర్నేటివ్ దారిలో వచ్చినవాళ్ళను అన్ని రాష్ట్రాలూ చూడవు. ఎన్ని గంటల శిక్షణ, ఎవరు క్లాసుకొచ్చి చూశారు, ఎప్పుడు పూర్తయింది అన్నవి అందులో ఉండాలి. బడి సెలవులిచ్చాక ఈ సంతకాల కోసం మనుషులు దొరకరు.

ఇంగ్లీషు రాని పిల్లలకు బోధించే అర్హతను కూడా కాలిఫోర్నియా అడుగుతుంది. టెక్సాస్‌లో ఈఎస్‌ఎల్ సప్లిమెంటల్ పరీక్ష రాసి ఉంటే ఆ సర్టిఫికెట్ జతచేయండి. లేకపోతే అక్కడికి వెళ్ళాక సీటీఈఎల్ పరీక్షో, కోర్సో చేయవలసి రావచ్చు. చదవడం, రాయడం, లెక్కలు వచ్చో రాదో చూసే బేసిక్ స్కిల్స్ పరీక్ష గురించి భయపడ్డారు గాని, 2024లో వచ్చిన మార్పు తర్వాత బ్యాచిలర్స్ డిగ్రీతోనే ఆ షరతు తీరుతోంది.

అన్నీ సరిగ్గా అందాక కూడా సీటీసీ 50 పని దినాల దాకా తీసుకోవచ్చు. అంటే జూన్‌లో పంపినా ఆగస్టు చివర. ఈ మధ్యకాలానికే టెంపరరీ కౌంటీ సర్టిఫికెట్ (టీసీసీ) అని ఒకటి పెట్టారు. ఉద్యోగమిస్తామన్న డిస్ట్రిక్ట్ ఉండి, దరఖాస్తు వెళ్ళి, వేలిముద్రలు క్లియర్ అయి ఉంటే కౌంటీ విద్యా కార్యాలయం దాన్ని ఇస్తుంది. అసలు కార్డు వచ్చేలోగా క్లాసులో నిలబడవచ్చు. ఇంటర్వ్యూలో ఈ మాట మీరే ఎత్తండి. "క్రెడెన్షియల్ ఇంకా రాలేదు" అని నసగడం కంటే "దరఖాస్తు ఫలానా తేదీన వెళ్ళింది, టీసీసీకి సిద్ధం" అనడం మేలు. లెక్కల టీచర్ల కొరత అక్కడ ఎప్పుడూ ఉండేదే. ఖాళీలు ఎక్కువగా ఎడ్‌జాయిన్ సైట్‌లో పెడతారు.

కాగితాల గురించి ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, ఇవన్నీ విసుగు పుట్టించేవే గాని అసాధ్యమైనవి కావు. విసుగును పక్కనపెట్టి చూస్తే అసలు ప్రశ్న ఒక్కటే మిగులుతుంది: వచ్చే ఏడాది మీరు ఎక్కడ, ఎవరితో ఉంటారు?

పెన్షన్ కోసం ఉండిపోవాలా అన్నారు కదా, మీరు లెక్కల టీచరు, లెక్క వేద్దాం. టెక్సాస్ టీచర్ల పెన్షన్ సంస్థ టీఆర్ఎస్‌లో ఐదేళ్ళు నిండితే పెన్షన్ హక్కు వస్తుంది. సూత్రం: సర్వీసు ఏళ్ళు ఇంటూ 2.3 శాతం ఇంటూ సగటు జీతం. ఐదేళ్ళకు 11.5 శాతం. సగటు 60 వేలనుకుంటే ఏడాదికి 6,900 డాలర్లు, అదీ మీకు 65 ఏళ్ళు వచ్చాక. ఇప్పటికి 26 ఏళ్ళు ఉంది. అప్పటికి ఆ డబ్బు విలువెంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకోవైపు ఏడాదిపాటు రెండు కాపురాలంటే రెండు అద్దెలు. బే ఏరియాలో డబ్లిన్, శాన్ రామోన్ వైపు చిన్న అపార్ట్‌మెంటుకు మూడు నెలల అద్దెతోనే ఒక ఏడాది పెన్షన్ చెల్లు. విమానం టికెట్లు వేరే. పెన్షన్ ఒక్కటే కారణమైతే ఉండిపొమ్మని నేననను.

ఇప్పుడే వదిలేస్తే మీరు కట్టిన డబ్బు పోదు. వడ్డీతో సహా మీ వాటా మీకొస్తుంది, ప్రభుత్వం వాటా మాత్రం రాదు. దాన్ని చేతికి తీసుకోకండి. తీసుకుంటే అక్కడికక్కడే 20 శాతం పన్ను కింద పట్టుకుంటారు, పైన పది శాతం పెనాల్టీ. సూటిగా ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలోకి మళ్ళించుకోవచ్చు, రోలోవర్ అంటారు. తొందరేమీ లేదు, కొన్నాళ్ళు అలాగే ఉంచినా ఫర్వాలేదు.

మధ్యేమార్గం ఇంకొకటుంది, చాలామంది టీచర్లకు తెలియదు. టీఆర్ఎస్ ఒక ఏడాది సర్వీసు ఇవ్వడానికి ఆ విద్యాసంవత్సరంలో కనీసం 90 రోజులు పనిచేస్తే చాలు. ఆగస్టు నుంచి జనవరి దాకా చేస్తే ఐదో ఏడు నిండినట్టే. పాప కూడా సెమిస్టర్ మధ్యలో కాకుండా సెలవుల దగ్గర మారుతుంది. ఈలోగా సీటీసీ పని నెమ్మదిగా అవుతుంది. కాని రెండు ఇబ్బందులు. ఒకటి, మధ్యలో వదలడానికి డిస్ట్రిక్ట్ రాతపూర్వకంగా విడుదల చేయాలి. ఇప్పుడే వెళ్ళి "జనవరిలో వదిలేస్తారా" అని అడిగితే కొందరు సరే అంటారు, కొందరు ఇప్పుడే వెళ్ళిపొమ్మంటారు. చెప్పకుండా చేరి, మధ్యలో భర్త ఉద్యోగం సాకు చూపడం చట్టానికి నిలబడినా, మీ క్లాసు పిల్లలకు న్యాయం కాదు. పైగా మీకు కావలసిన రికమెండేషన్ ఆ ప్రిన్సిపాల్ ఇవ్వాలి. రెండోది, ఐదు నెలలు పాపతో ఒంటరిగా లాగాలి. మీ వారితో కూర్చుని మాట్లాడాల్సిన దారి ఇది. 90 రోజుల్లో ఏ రోజులు లెక్కలోకి వస్తాయో టీఆర్ఎస్‌ను అడిగి, జవాబు రాతలో తీసుకున్నాకే నిర్ణయించండి.

కలిసి ఆగస్టుకే వెళ్ళిపోతే? మొదటి నెలల్లో ఉద్యోగం లేకపోవచ్చు. ఆ సమయంలో సబ్‌స్టిట్యూట్ పర్మిట్ తీసుకుని రెండు మూడు బడులకు వెళ్ళవచ్చు. ఒక టీచరు స్థానంలో ఇన్ని రోజులే ఉండాలన్న పరిమితి ఉంటుంది గాని, ఏ బడి ఎలాంటిదో లోపలి నుంచి తెలుస్తుంది. ప్రిన్సిపాళ్ళకు ముఖం గుర్తుంటుంది. నన్నడిగితే నేను మొగ్గేది ఈ దారివైపు. ప్రైవేటు బడులు కూడా ఉన్నాయి. వాటిలో చేరడానికి కాలిఫోర్నియాలో రాష్ట్ర క్రెడెన్షియల్ తప్పనిసరి కాదు, జీతం తక్కువగా ఉంటుంది. అయితే అక్కడ స్థిరపడిపోయి సీటీసీ దరఖాస్తును అటకెక్కించేవాళ్ళను చూశాను. చేరినా దరఖాస్తు ఆపకండి.

కొన్నాళ్ళు ఇంట్లో ఉండటం కూడా ఒక దారే. పాప హైస్కూల్లోకి వెళ్ళే ముందు ఏడాది, కొత్త ఊరు. మీకే ఉండాలనిపిస్తే అందులో తక్కువతనమేం లేదు. ఒక్క షరతు: టెక్సాస్ సర్టిఫికెట్ చావకుండా చూసుకోండి. ఐదేళ్ళకోసారి రెన్యువల్, 150 గంటల శిక్షణ. ఆన్‌లైన్లో కూడా అవుతుంది. కాని మీ ఉత్తరంలో ఒక్క చోట కూడా "నాకు విశ్రాంతి కావాలి" అని లేదు. ఆ మాట మీ వారిది, మీ అత్తగారిది. ఆయన మిమ్మల్ని తక్కువ చేసి అన్నారని నేననుకోను. రాత్రి పదకొండింటికి మీరు స్కానర్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకోవడం చూసి అన్న మాటలా ఉంది. ఆయనకు మీరు చెప్పాల్సింది "నాకీ ఉద్యోగం కావాలి, కాగితాల్లో సాయం చెయ్యి" అని. ఆ పేర్ల అఫిడవిట్ పని, ఏజెన్సీ జాబితా వెతికే పని ఆయనకే అప్పగించండి. క్యూఏ సలహా ఇచ్చిన స్నేహితురాలికి థాంక్స్ చెప్పి ఊరుకోండి. నాలుగేళ్ళు ఏడో తరగతి పిల్లల్ని అదుపులో పెట్టినావిడకు కొత్త వృత్తి వెతుక్కునే అవసరం ఏం వచ్చింది?

వీసా మాట ఒకటి మిగిలింది. మీ వారు కంపెనీ మారుతున్నారు కాబట్టి హెచ్‌1 మార్పుతోపాటు మీ హెచ్‌4, ఈఏడీ తేదీలు చూసుకోండి. ఇదివరకు రెన్యువల్ వేస్తే పాత కార్డు కొంతకాలం తనంతట తానే పొడిగింపయ్యేది. 2025 అక్టోబరు 30 నుంచి వేసినవాటికి ఆ సౌకర్యం తీసేశారు. కార్డు గడువు ముగిసిన రోజు డిస్ట్రిక్ట్ మిమ్మల్ని పనిలో ఉంచుకోలేదు. రెన్యువల్ వీలైనంత ముందుగా వేయమని కొత్త కంపెనీ లాయర్‌కు ఇప్పుడే చెప్పించండి. ఇల్లు మారిన పది రోజుల్లో చిరునామా మార్పు తెలిపే ఏఆర్-11 ఫారం నింపడం మరవకండి.

గుంటూరులో చేసిన మూడేళ్ళు క్రెడెన్షియల్ విషయంలో మీకు పెద్దగా ఉపయోగపడవు. జీతం విషయంలో మాత్రం పడవచ్చు. కాలిఫోర్నియాలో ప్రతి డిస్ట్రిక్ట్‌కూ సొంత జీతాల పట్టిక ఉంటుంది. బయట చేసిన ఏళ్ళను ఎన్నింటిని లెక్కలోకి తీసుకుంటారో వాళ్ళ యూనియన్ ఒప్పందంలో రాసి ఉంటుంది. టెక్సాస్ నాలుగేళ్ళు దాదాపు అందరూ ఇస్తారు, విదేశీ అనుభవం కొందరే ఇస్తారు. పాత స్కూలు నుంచి చేరిన తేదీ, మానేసిన తేదీ, చెప్పిన తరగతులు రాసిన సర్వీస్ సర్టిఫికెట్ ఇంగ్లీషులో, ముద్రతో తెప్పించి ఉంచుకోండి. ఆఫర్ వచ్చినప్పుడు సంతకానికి ముందే హెచ్‌ఆర్‌కు ఇచ్చి, ఏ మెట్టు మీద పెడుతున్నారో అడగండి. చాలాచోట్ల అనుభవం కాగితాలు ఇవ్వడానికి గడువు ఉంటుంది, అది దాటాక మెట్టు మార్చరు.